మూతికి చిక్కం

మజర్ ఏడో నెలలోనే పుట్టాడు. మిగతా రెండు నెలలు ఆగితే ఏం మునిగిపోయేదో ఆయననే అడగాలి గానీ, మనం అడగడం పూర్తయ్యేలోపు ఆయన లేచి వెళ్లిపోతాడు. కోరుట్లలో ఆయన తొందర తెలియని ఇల్లు లేదు. దావత్‌కు పిలిస్తే భోజనాలకు దస్తర్ గుడ్డ పరవకముందే కూర్చునే చోటు చూసుకుంటాడు. సినిమాకు పోతే కథ కంచికి చేరకముందే సైకిల్ స్టాండులో ఉంటాడు. రంజాన్ నెలలో ఖర్జూరం పండు పెదవుల దాకా తెచ్చి, మసీదు సైరన్ కోసం చెవులు రిక్కించి కూర్చునే ఆ భంగిమ చూడలేక ఆయన భార్య ఫౌజియా మొహం తిప్పుకుని నవ్వుకునేది.

తెలంగాణ విషయంలోనూ అంతే. రెండువేల తొమ్మిది డిసెంబరులో ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చిందో లేదో, తెల్లారేసరికి మజర్ బజారంతా జిలేబీ పంచి, బండి నంబరు పలక మీద ఏపీ చెరిపించి టీజీ రాయించాడు. పెయింటు సరిగ్గా ఆరీ ఆరకముందే ఢిల్లీ మనసు మార్చుకుంది. ఊరంతా కడుపు మండి రోడ్డెక్కితే మజర్ కూడా ఎక్కాడు, అయితే టీజీ బండి మీద ఎక్కాడు. ఆ విధంగా రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందే ఆయన బండి ఒక్కటీ తెలంగాణకు చేరిపోయింది. మెట్‌పల్లి దగ్గర పోలీసులు ఆపి జరిమానా రాసినప్పుడు, "ఎట్లైన అచ్చేదే గద సార్, జర ముందుగాల రాయించిన" అన్నాడు. అచ్చినంక రాయించుకొమ్మని వాళ్లు మర్యాదగానే చెప్పారు.

ఇలాంటి మనిషికి దేవుడు ఇచ్చిన ఉద్యోగం ఏదయ్యా అంటే, ఆగడమే పనిగా ఉండే ఉద్యోగం. జగిత్యాలలో టవర్ సర్కిల్‌కు దగ్గరలో ఒక డాక్టరు గారి ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్. డాక్టరు గారు హైదరాబాదులో ఎవరో వద్దనుకున్న మిషన్ ఒకటి కొనుక్కొచ్చి, 'ఇచ్చట డీఎన్‌ఏ పరీక్షలు చేయబడును' అని బోర్డు పెట్టించారు. మొదటి నెలంతా వచ్చినవాళ్లు పిల్లవాడు ఎవరి పోలికో తేల్చమని గుసగుసగా అడిగినవాళ్లే. అది కాదు, టీబీ పరీక్ష అని చెప్పేసరికి వాళ్లు మొహం వేలాడేసుకుని పోయేవాళ్లు.

ఆ పరీక్ష సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. రోగి ఒంట్లోంచి తీసిన నమూనాలో టీబీ క్రిమి ఉంటే, దాని డీఎన్‌ఏలో ఒక చిన్న తునకను పట్టుకుని నకళ్లు తీయాలి. ఒకటి రెండు, రెండు నాలుగు, అలా కోట్ల దాకా. ఎక్కడినుంచి ఎక్కడిదాకా నకలు తీయాలో హద్దురాళ్లలా చూపించేవి ప్రైమర్లు. నకలు రాసే గుమాస్తా ఎంజైము. అన్నీ కలిపిన ట్యూబును మిషన్‌లో పెడితే, అది మరగబెడుతూ చల్లారుస్తూ పని నడిపిస్తుంది. చివరికి జున్నుముక్కలాంటి జెల్లు మీద, ఊదారంగు దీపం కింద, ఫలానా చోట గీత మెరిస్తే రోగం ఉన్నట్టు. మెరవకపోతే లేనట్టు.

అయితే ఈ గుమాస్తా కూడా మజర్ లాంటివాడే. పని మొదలుపెట్టమని ఎవరూ చెప్పకముందే మొదలుపెడతాడు. అందుకే అన్నిటినీ ఐసు మీద పెట్టి కలపాలి, అప్పుడు నిద్రమత్తులో ఉంటాడు. ఆ మత్తు వదలకముందే వేడి మిషన్‌లోకి వేసేయాలి. ఈ సంగతే చెప్పి కొత్త సరుకు అంటగట్టడానికి కరీంనగర్ నుంచి కంపెనీ మనిషి ఏసయ్య ఒకరోజు ల్యాబుకు వచ్చాడు.

"మీ ఎంజైము మంచిదే గని సార్, ఆగది," అన్నాడు ఏసయ్య. "మామూలు వేడిల ప్రైమర్లు కండ్లు మూసుకొని ఏడవడితె ఆడ అతుక్కుంటయ్. ఇది గా తప్పు జాగనుంచే నకలు రాసుడు షురూ జేస్తది. ఒక్క తప్పు నకలు తయారైందనుకో, మిషిన్ల వడ్డంక అదే కోట్లయితది. లేని గీత కనవడతది."

"మరి మీరేం జేసిన్రు?"

"ఎంజైముకు యాంటీబాడీ తగిలిచ్చిన్రు సార్. అది దాన్ని గట్టిగ పట్టుకొని కూసుంటది, పని జెయ్యనియ్యది. కల్లంల ఎడ్లకు మూతికి చిక్కం కడుతం గద, గట్ల. మిషిన్ మంచిగ మరిగేటాళ్లకు యాంటీబాడీ ఉడికి ఊడిపోతది. గప్పుడు ఎంజైము లేస్తది. గంత వేడిమీద ప్రైమర్లు సుత సరైన జాగలనే కూసుంటయ్, ఎక్కడవడితె అక్కడ అతుకయ్."

"నా ఎంజైముకు చిక్కమెందుకు భాయ్? అదేమన్న పరాయోళ్ల చేన్ల వడ్డదా?" అన్నాడు మజర్. అప్పటికే చేతిరుమాలుతో మొహం తుడుచుకుని లేచి నిలబడ్డాడు కూడా. ఏసయ్య పాపం ఒక చిన్న సీసా ఊరికే ఇచ్చి, వాడి చూడమని బతిమాలి వెళ్లాడు. మజర్ దాన్ని ఫ్రీజరులో ఓ మూలకు తోసి మరిచిపోయాడు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు లేదు. బొగ్గు లేకపోయేసరికి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ట్రాన్స్‌ఫార్మరుకే తెలియదు. ఐసు ఫ్యాక్టరీ మూతబడింది. మజర్ సమ్మెకు మనస్ఫూర్తిగా మద్దతు ఇచ్చాడు, ఒక్క తన పని తప్ప అన్ని పనులూ ఆగాలని కోరుకున్నాడు.

ఐసు లేకుండా, కరెంటు కోసం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం ఆయన వల్ల కాదు. అప్పుడు కతలాపూర్ వైపు పొలాలు గుర్తొచ్చాయి. అక్కడ రైతులు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకుని హాయిగా ఇంట్లో పడుకుంటారు. కరెంటు ఏ వేళకు వస్తే ఆ వేళకు మోటారు దానంతటదే ఎత్తుకుంటుంది. మజర్ అదే ఉపాయం పరీక్షకు పెట్టాడు. పొద్దున్నే వచ్చి ట్యూబుల్లో అన్నీ కలిపేసి, మిషన్‌లో సర్ది, స్విచ్ వేసి ఉంచేవాడు. కరెంటు వచ్చినప్పుడు మిషన్ దానంతటదే లేచి పని చేసుకునేది. డీఎన్‌ఏ పరీక్షకు ఆటో స్టార్టరు పెట్టిన మనిషి ప్రపంచంలో ఇంకొకడు ఉన్నాడంటే నేను నమ్మను.

మోటారైతే కరెంటు వచ్చేదాకా చచ్చినట్టు ఊరుకుంటుంది. ఎంజైము ఊరుకోలేదు. జగిత్యాల ఉక్కపోతలో గంటలకొద్దీ ట్యూబులో కూర్చుని, ఎక్కడ ప్రైమరు అతుక్కుంటే అక్కడ నకళ్లు మొదలుపెట్టింది. ప్రతిసారీ రోగుల నమూనాలతో పాటు ఆరోగ్యంగా ఉన్నవాడి నమూనా ఒకటి పోల్చి చూసుకోవడానికి పెట్టాలి. మజర్ అది కూడా మానేశాడు. మంచిగున్నోనికి పరీక్షెందుకని ఆయన వాదన.

ఇక చూడాలి ఆ వారాల వైభవం. ఎవరి నమూనా పెట్టినా గీతే. డాక్టరు గారు మురిసిపోయి, "మజర్, మనదాంట్ల దొర్కని టీబీ లేదయ్యా" అని భుజం తట్టారు. మజర్ కాలరు సవరించుకున్నాడు.

ఆ మెరిసిన గీతల్లో ఒకటి సుధది. సుధ సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే రమేశ్ భార్య. ఏడాది నిండని కూతురు. మెడ పక్కన చిన్న గడ్డ లేచిందని, సిరిసిల్ల డాక్టరు అనుమానపడి జగిత్యాల పంపిస్తే, సమ్మెలో బస్సులు లేక రమేశ్ బండి మీదే తీసుకొచ్చాడు. ఆమె చంకలో పాపను దించకుండానే సూది గుచ్చి నమూనా తీశారు. జెల్లు మీద గీత ఉండాల్సిన చోటుకు వెంట్రుకవాసి పైన మెరిసింది. మజర్ ఒక కన్నుతో చూశాడు. రెండో కన్ను అప్పటికే బయట రోడ్డు మీద పోతున్న ర్యాలీ వైపు ఉంది. టీబీ ఉన్నదని రాసి, ముద్ర కొట్టి ఇచ్చేశాడు.

కొద్దిరోజులకు రమేశ్ ఫోను చేశాడు. "సాబ్, మా అమ్మ పొల్లను తీస్కపోయింది సాబ్. తల్లి దగ్గర ఉంచనంటున్నది. మా నాయిన హన్మండ్లు టీబీతోనే పోయిండు, అందుకని ఆమెకు బుగులు. గడ్డల టీబీ అంటుకోదని డాక్టర్ సాబ్ చెప్పిన్రంట గని, ఇంగ్లీషుల చెప్పిన్రంట. సుధ రొమ్ములు గట్టివడి జరమస్తుంది సాబ్. ఇంకోపాలి సూస్తరా? ఆమెకు దగ్గు లేదు, గడ్డ సుత దానంతటదే కరిగింది. పొల్ల ఇప్పుడు రు..."

"టీబీ అంటె టీబీనే భాయ్. గోలీలు మింగమను. నా పరీక్ష తప్పు కాదు," అని మజర్ ఫోను పెట్టేశాడు. పాప ఎక్కడ ఉందో రమేశ్ చెప్పబోయిన ఊరి పేరు సగంలో తెగిపోయింది.

పెట్టేసిన ఫోను ఆయన చెవిలో మాత్రం మోగుతూనే ఉంది. రొమ్ములు గట్టిపడి జ్వరం అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. తన కూతురు జేబా పుట్టినప్పుడు ఫౌజియా పడ్డ అవస్థ చూసినవాడే. అయినా తప్పు తనది కాదని తేల్చి చూపించడానికి, తన నెత్తురే కాస్త తీసి, ల్యాబు ఊడ్చే ముత్తమ్మ నెత్తురు కాస్త తీసి, ఎప్పటిలాగే పొద్దున కలిపి మిషన్‌లో పెట్టి కరెంటు కోసం వదిలాడు.

జెల్లు తీసి చూస్తే మజర్‌కు టీబీ. ముత్తమ్మకు కూడా టీబీ.

ఇప్పుడైనా అనుమానం రావాలా? రాలేదు. తన పరీక్ష తప్పు కాదని అంత గట్టిగా నమ్మిన మనిషి, తనకు టీబీ వచ్చిందనే నమ్మాడు. ముత్తమ్మ "నాకేమైందయ్యా?" అని అడిగితే, "ఏం లే, తర్వాత చెప్త" అని తప్పించుకున్నాడు. దారి పొడుగునా దగ్గుకుంటూ కోరుట్ల చేరాడు. అరవై మైళ్ల నుంచి నడిచి వచ్చినవాడిలా గుమ్మంలో కూలబడి, తన గ్లాసు వేరే పెట్టమన్నాడు. వాళ్లిద్దరూ ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, దాన్ని నేను తెలుగు చేస్తున్నాను.

"పొద్దున నాలుగు పరోటాలు తిన్నవ్. గిప్పుడు టీబీ ఏంది?" అంది ఫౌజియా.

"గీత అచ్చింది. చెప్తె అర్థంగాదు నీకు."

మూడేళ్ల జేబా రోజూలాగే వచ్చి మోకాళ్ల మీదికి ఎగబాకబోయింది. మజర్ చేత్తో దూరంగా నెట్టాడు. పిల్ల ఇది కొత్త ఆట అనుకుని మళ్లీ వచ్చింది. మళ్లీ నెట్టాడు. మూడోసారి పెదవులు వంకర తిప్పుకుని తల్లి దగ్గరికి పోయి, అక్కడినుంచి ఆయననే చూస్తూ కూర్చుంది. మజర్‌కు తిండి సయించలేదు. కూతురు వాసన తగలకుండా ఒక్క పూట గడపడం ఇంత కష్టమా అనుకున్నాడు. సిరిసిల్లలో ఆ తల్లి ఎట్ల ఉన్నదో అని అప్పుడు మొదటిసారి అనుకున్నాడు.

మర్నాడు తన రోగం డాక్టరు గారికి అంటించానేమోనన్న భయంతో ఆయన నెత్తురు కూడా అడిగి పరీక్ష చేశాడు. డాక్టరు గారికి కూడా టీబీ.

"నాకు టీబీ ఏందయ్యా!" అని డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. రోగులకు రాసినప్పుడు ఎన్నడూ రాని అనుమానం ఆయనకు అప్పుడు వచ్చింది. "ఈ లెక్కన జగిత్యాలల టవర్ గడియారానికి తప్ప అందరికి టీబీ ఉన్నట్టే. అసలు నువ్వు ఏం జేస్తున్నవ్ ల్యాబ్‌ల?"

మజర్ నిన్నటి జెల్లునూ ఇవాళ్టిదాన్నీ మళ్లీ దీపం కింద పెట్టి, జీవితంలో మొదటిసారి రెండు కళ్లతో చూశాడు. ముగ్గురి గీతలూ ఉండాల్సిన చోటు కంటే వెంట్రుకవాసి పైనే ఉన్నాయి. ఏసయ్య మాటలన్నీ ఒక్కొక్కటే చెవిలోకి దిగాయి. ఫ్రీజరులో చెయ్యి పెట్టి వెతికి, మూల నుంచి ఆ చిన్న సీసా తీశాడు.

చిక్కం కట్టిన ఎంజైముతో మళ్లీ కలిపాడు. తనది, ముత్తమ్మది, డాక్టరు గారిది, ఫ్రీజరులో మిగిలి ఉన్న సుధది, టీబీ ఉన్నట్టు కరీంనగర్ పెద్దాసుపత్రిలో ఖాయమైన ఒక రోగిది. కరెంటు ఆరోజు కూడా పోయే ఉంది. ట్యూబులు మిషన్‌లో ఎప్పటిలాగే ఉక్కపోతలో కూర్చున్నాయి, అయితే ఈసారి లోపల యాంటీబాడీ ఎంజైమును కదలనివ్వలేదు. మజర్ మాత్రం మిషన్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎక్కడికీ పోలేదు, ఎవరికీ ఫోను చేయలేదు. ముత్తమ్మ వచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగి పోయింది. కరెంటు వచ్చింది, మిషన్ మరిగింది, చిక్కాలు ఊడాయి. జెల్లు మీద గీత మెరిసింది ఒక్క కరీంనగర్ రోగికే.

సుధకు టీబీ లేదు.

"సరే, మంచిదే," అన్నారు డాక్టరు గారు, తన గీత మాయమైన ఆనందంలో. "ఇగ ఊకో. ఇచ్చిన రిపోర్టుల జోలికి పోకు. మల్ల వస్తె మల్ల చేద్దాం. ఎవరన్న అడిగితె కరెంటు సక్కగ లేకుండె అను. సమ్మె అను. అసలు ఈ కరెంటు కోతలన్ని ఎవరి కుట్రనో ఊరందరికి తెల్సు."

ఊకొమ్మన్న మాట మజర్ తలకెక్కలేదు గానీ, కరెంటు మాట బాగానే నచ్చింది. తనకూ అదే తోచింది. ఆ వారాల్లో పరీక్ష చేసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, కరెంటు సక్కగ లేకుండె, మళ్లీ నమూనా ఇవ్వండి అని చెప్పాడు. వాళ్లలో కొందరికి నిజంగానే ఉంది, చాలామందికి లేదు. ఒక్క రమేశ్ ఫోను మాత్రం ఎంత చేసినా కలవలేదు. సిరిసిల్లకు మనిషే పోవాలి. రాష్ట్రం కోసం బంద్ నడుస్తుంటే టీజీ బండికి అడ్డెవరని, కొత్త రిపోర్టు జేబులో పెట్టుకుని పొద్దున్నే కోరుట్లలో బయలుదేరాడు.

కతలాపూర్ దాటి రుద్రంగి ఊళ్లోకి వచ్చేసరికి, రోడ్డు పక్క ఇంటి ముందు ఒక ముసలామె చంటిపిల్లను ఎత్తుకుని మేకపిల్లను చూపిస్తోంది. మేకపిల్ల రోడ్డుకు అడ్డం వస్తే మజర్ ఆపకుండా హారన్ కొట్టాడు. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. "కండ్లు నెత్తికెక్కినయా?" అని ముసలామె వెనకనుంచి తిట్టిన తిట్టు గాలికి కొట్టుకుపోయింది.

వేములవాడ తొవ్వలో మాత్రం హారన్ పనిచేయలేదు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, పొయ్యిల మీద గుండిగలు, చుట్టూ జనం. వంటావార్పు. రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తినాలి, అప్పటిదాకా చీమ కూడా కదలకూడదు. మజర్ పక్కనుంచి జారుకోబోయాడు. ఒక పోరగాడు నంబరు పలక చూసి కేక పెట్టాడు.

"అరే, టీజీ బండి! పెయింటు జూడు, ఎంత పాతదో! ఎన్నడు రాయించినవ్ అన్నా?"

"మొదటి ప్రకటన రోజే," అన్నాడు మజర్, ఉండబట్టలేక.

అంతే. ఉద్యమ వీరుడు దొరికాడని మెడలో దండ వేసి, తీసుకుపోయి గుండిగ పక్కన చాప మీద కూర్చోబెట్టారు. అర్జెంటు పని ఉందని చెబితే, తెలంగాణ కంటే అర్జెంటు పనేముందని నవ్వారు. మామూలువాళ్లను కాసేపు ఆపి వదిలేశారు గానీ, మజర్‌ను మాత్రం మర్యాద కొద్దీ వదల్లేదు. పప్పు ఉడకలేదు. కట్టెలు పచ్చివి. ఎవరో పాట అందుకున్నారు, ఎవరో ఆయన చేతికి డప్పు ఇచ్చారు. అటొకడు ఇటొకడు భుజాల మీద చేతులు వేసి కూర్చున్నారు. లేవబోతే ప్రేమగా కిందికి నొక్కారు.

"ఉడకనియ్యి అన్నా. తిని పోదువు."

మజర్‌కు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. యాంటీబాడీ పట్టుకుంటే ఎంజైముకు ఎట్ల ఉంటుందో ఏసయ్య చెప్పలేదు, వేములవాడ తొవ్వ మీద తెలిసింది. చేయగలిగింది ఏమీ లేక అక్కడ కూర్చునే, సుధ ఇంట్లో ఏం చెప్పాలో మనసులో కట్టుకున్నాడు. కరెంటు సరిగా లేక మిషన్ పొరపాటు చేసింది. ఐసు ఫ్యాక్టరీ బంద్ ఉండింది. ఈ సర్కారు ఉన్నన్నాళ్లూ మనకు న్యాయం జరగదు. మాటలు బాగా కుదిరాయి. పప్పన్నం కూడా బాగానే కుదిరింది.

సిరిసిల్ల చేరేసరికి పొద్దు వాలుతోంది. కరెంటు లేక మగ్గాల చప్పుడు లేదు. సిరిసిల్లలో మగ్గాలు మోగకపోతే ఊరు ఊరిలా ఉండదు. రమేశ్ ఇల్లు అడుగుతూ పోతే, పెరటి వాకిట్లో సుధ కనిపించింది. గిన్నెలోకి పాలు పిండి, తెల్లటి ఆ పాలను జామచెట్టు మొదట్లో పోస్తోంది. పాలు ఎండిపోతే పాప తిరిగొచ్చాక ఎట్లా అని, రోజూ పిండి పారబోస్తోందట.

"అక్కా, నేను జగిత్యాల ల్యాబ్ మజర్‌ను. నీకు టీబీ లేదు."

సుధ గిన్నె కింద పెట్టేసింది. లోపలినుంచి రమేశ్ వచ్చాడు. ఫోను చార్జింగ్ లేక చచ్చిపడి ఉందట, కరెంటు వస్తే కదా.

"మరి గా కాగితం?" అన్నాడు రమేశ్.

"అది కరెంటు..." అని మొదలుపెట్టాడు మజర్.

సుధ ఆయన మాట విననే లేదు. చెప్పులు తొడుక్కుంటోంది. "నా బిడ్డ రుద్రంగిల ఉన్నది. పోదాం, నడువుండ్రి," అంది.

రుద్రంగి అనగానే మజర్‌కు మేకపిల్ల గుర్తొచ్చింది, హారన్ గుర్తొచ్చింది. పొద్దున ఆ ఇంటి ముందునుంచే పోయాడు. ఫోనులో ఆ ఊరి పేరు వినేదాకా ఆగి ఉంటే ఇంత దూరం రావలసిన పని లేదు.

రెండు బళ్ల మీద వెనక్కి పోయారు. తొవ్వలో పొయ్యిలు చల్లారాయి, జనం లేరు. రమేశ్ తల్లి సాయవ్వ తన తమ్ముడింటి అరుగు మీద పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మజర్‌ను చూడగానే గుర్తుపట్టింది, పొద్దుటి హారన్ మరిచిపోయే హారన్ కాదు. ల్యాబు ఆయన అని రమేశ్ చెబితే, మజర్ కొత్త కాగితం తీసి చూపించాడు. ఆమె చేతిలోకి తీసుకోలేదు.

"ఉన్నదని కాగితం గుద్దిచ్చింది నువ్వే. లేదని కాగితం తెచ్చింది నువ్వే. దేన్ని నమ్మాలె సాయిబూ? గీ రోగం మా ఇంట్ల ఒకన్ని తినింది. గోడకు ఆనుకొని దగ్గుకుంట దగ్గుకుంట పోయిండు నా మొగడు. మల్ల నేను సూడలేను."

మజర్ నాలుక చివర కరెంటు ఉంది. సమ్మె ఉంది, సర్కారు ఉంది. చుట్టూ నలుగురూ చేరారు, సర్కారు మాట ఎత్తితే అందరూ తలూపుతారు. సుధ ఒక్కతే ఆయనను కాకుండా పాపను చూస్తోంది. మజర్‌కు జేబా మొహం కళ్ల ముందు కదిలింది, దూరంగా కూర్చుని తననే చూసిన మొహం.

"కరెంటుది కాదు అవ్వా, తప్పు నాది," అన్నాడు. "ఆగాల్సిన కాడ నేను ఆగలె. గందుకే లేని రోగం కనవడ్డది. గట్లనే సూస్తె నాకు సుత టీబీ అని అచ్చింది. మా డాక్టర్ సాబ్‌కు సుత అచ్చింది."

"నీకు అచ్చిందన్నప్పుడు నువ్వేం జేసినవ్?"

"నా బిడ్డను దగ్గరికి రానియ్యలె."

సాయవ్వ ఆయన మొహంలోకి చూసింది. ఆ తర్వాత లేచి, పాపను సుధ చేతుల్లో పెట్టింది.

పాప ఒక్క క్షణం సుధను చూసింది. తర్వాత గుక్కపట్టి ఏడ్చి, రెండు చేతులూ నానమ్మ వైపు చాచింది. సుధ ఎదకు హత్తుకుంటే వెనక్కి విరుచుకుంది. సుధ జాకెట్టు ముందుభాగం పాలతో తడిసిపోతోంది, పాప మాత్రం ఆ వాసన ఎవరిదో తెలియనట్టు నెట్టేస్తోంది. ఆ కాసిన్ని రోజులకే కన్నతల్లి పరాయిది అయిపోయింది. రమేశ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మజర్ ఇక చూడలేకపోయాడు. పని అయిపోయింది, చెప్పాల్సింది చెప్పాడు. జేబులోంచి బండి తాళం తీసి, వస్తానన్నట్టు తలూపి అరుగు దిగబోయాడు.

"ఎటు అన్నా?" అంది సుధ. ఏడ్చే పాపను భుజం మీద తట్టుతూనే అంది. ఆ గొంతులో కోపం లేదు, అందుకే ఆయన ఆగిపోయాడు. "కూసో. గిది మల్ల నా దగ్గరికి అచ్చేదాక నువ్వు సుత కూసో."

మజర్ తాళం జేబులో వేసుకుని అరుగు చివర కూర్చున్నాడు.

సాయవ్వ తమ్ముడి భార్య చాయ్ తెచ్చింది, చల్లారిపోయింది. పొద్దు గుంకింది. పాప ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లలో పడి, సుధ గాజులు పట్టుకుని లాగి, మళ్లీ నానమ్మను వెతికి, మళ్లీ గాజుల దగ్గరికి వచ్చింది. సాయవ్వ కావాలనే లోపలికి పోయి కూర్చుంది. మజర్ ఒక్కసారి కూడా లేవలేదు, గడియారం చూసుకోలేదు.

చివరికి పాప తల్లి మెడ దగ్గర, గడ్డ కరిగిపోయిన చోట మూతి ఆనించి వాసన చూసింది. సుధ గోడ వైపు తిరిగి కూర్చుని కొంగు కప్పుకుంది. కాసేపటికి కొంగు కింద గుటకల చప్పుడు వినిపించింది.

"ఇగ నువ్వు పో అన్నా," అంది సుధ, వెనక్కి తిరగకుండానే.

మజర్ వెంటనే లేవలేదు. పాప తాగడం అయ్యేదాకా కూర్చున్నాడు.